హాఫ్ మారథాన్‌లో మీ టైం ఎక్కడ కారిపోతోంది? బెజవాడ రోడ్ల మీద నేను వేసుకున్న లెక్క

నా మొదటి హాఫ్ మారథాన్ 2 గంటల 8 నిమిషాల 40 సెకన్లలో పూర్తయింది. ఇంటికొచ్చి స్నానం చేశాక, వాచీలో ఉన్న అంకెలన్నీ మా అమ్మాయి రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాగితం మీద అంకెలు పడితే గానీ నాకు ఏ విషయమూ పూర్తిగా అర్థం కాదు.

మొదటి 10 కిలోమీటర్లు: 57:30. తర్వాతి 5: 29:30. ఆ తర్వాతి 5: 34:20. మిగిలిన కిలోమీటరు, ఆ పైన వంద మీటర్లు: 7:20.

ఆ 34:20 దగ్గర నా పెన్ను ఆగిపోయింది. మొదటి పది కిలోమీటర్ల వేగమే నిలబెట్టుకుని ఉంటే ఆ 5 కిలోమీటర్లకు 28:45 సరిపోయేది. ఒక్క 15 నుంచి 20 మధ్యలోనే అయిదున్నర నిమిషాలు పోయాయి. కుండకు చిల్లు ఎక్కడుందో తెలిశాక కొత్త కుండ కొనక్కర్లేదు, ఆ చిల్లు పూడిస్తే చాలు. తర్వాత చేసిన సాధనంతా ఆ 5 కిలోమీటర్ల కోసమే. కిందటి ఫిబ్రవరిలో ఊళ్ళోనే జరిగిన హాఫ్‌లో నా టైం 1:58:52. ఆ దారి ఎలా నడిచిందో, మీరు ఏం చేయొచ్చో చెబుతాను.

ముందు మీ చిల్లు చూసుకోండి

పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీరు 1977లో ఒక సూత్రం ఇచ్చాడు. ఒక దూరంలో మన టైం తెలిస్తే ఇంకో దూరంలో ఎంత పడుతుందో అంచనా కట్టే సూత్రం అది. దూరం పెరిగిన నిష్పత్తిని 1.06 ఘాతానికి తీసుకెళ్ళి, మొదటి టైంతో గుణించాలి. హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు కాబట్టి, మీ 10 కిలోమీటర్ల టైంను 2.2తో గుణిస్తే దాదాపు సరిపోతుంది.

విడిగా పరుగెత్తినప్పుడు నా 10 కిలోమీటర్ల టైం అప్పటికి 54 నిమిషాలు. 2.206తో గుణిస్తే 1:59 వస్తుంది. నేను పరుగెత్తింది 2:08:40. అంటే తొమ్మిదిన్నర నిమిషాలు నా కాళ్ళలో ఉండి కూడా గడియారం మీదకు రాలేదు. వేగం చాలకపోవడం కాదు, ఆ వేగాన్ని 15 దాటాక పట్టి ఉంచే ఓపిక చాలకపోవడం.

మీరూ ఇదే చేయండి. గత మూడు నాలుగు నెలల్లో ఒళ్ళు దాచుకోకుండా పరుగెత్తిన 10 కిలోమీటర్ల టైం తీసుకుని గుణించి చూడండి. మీ హాఫ్ టైం ఆ అంచనాకు రెండు నిమిషాల లోపే ఉంటే మీకు కావలసింది వేగం, 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్ల సాధన మీద కూర్చోండి. తేడా అయిదు నిమిషాలు దాటితే మీదీ నా జబ్బే. కింద రాసేదంతా మీ కోసమే.

ఏ పరుగు ఎంచుకుంటారన్నది కూడా టైంలో భాగమే. అవినాశ్ సాబ్లే 1:00:30తో భారత హాఫ్ మారథాన్ రికార్డు పెట్టింది 2020 నవంబర్ చివర్లో, ఢిల్లీలో. చదును రోడ్డు, చల్లటి గాలి. మనలాంటి వాళ్ళకూ అదే సూత్రం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ పోవాలి. అక్కడికి వెళ్ళి ఆ అనుభవం తెచ్చుకోండి, కానీ మీ బెస్ట్ టైం అక్కడ ఆశించకండి. మన జిల్లాల్లో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. టైం కోసం పరుగెత్తేది అప్పుడే. దసరా రద్దీ తగ్గి కొండ కింద రోడ్లు ఖాళీ అయిన వారం నుంచి లెక్కపెడితే ఫిబ్రవరి మొదటి ఆదివారానికి 16 వారాలొస్తాయి. నేను అలాగే మొదలుపెట్టాను.

మెల్లగా పరుగెత్తడం

దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నా టైం మారింది దీనివల్లే.

అంతకుముందు నా పరుగులన్నీ కిలోమీటరుకు 6 నిమిషాల చుట్టూ ఉండేవి. బయలుదేరితే 6, తిరిగొస్తే 6. రోజూ అలసిపోయేదాన్ని, రోజూ బాగా చేశాననుకునేదాన్ని. అది కాళ్ళను సేదతీరనిచ్చేంత మెల్లన కాదు, వేగం నేర్పేంత జోరూ కాదు. ఆ అలసటతో వారానికి 25 కిలోమీటర్లు దాటేది కాదు. అందుకే 15వ కిలోమీటరు వచ్చేసరికి శరీరానికి అది తెలియని ఊరు.

ఇప్పుడు వారంలో అయిదింట నాలుగు వంతుల దూరం కిలోమీటరుకు 6:45 నుంచి 7:15 మధ్య పరుగెత్తుతాను. మెల్లగా, ఎక్కువ దూరం పరుగెత్తినప్పుడు కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. ఒళ్ళు కొవ్వును ఇంధనంగా వాడుకోవడానికి అలవాటుపడుతుంది, దాచుకున్న పిండిపదార్థం చివరిదాకా మిగులుతుంది. 15 నుంచి 20 మధ్య మనకు కావలసింది ఇదే.

మెల్లన అంటే ఎంత మెల్లనో వాచీని అడగకండి, ఊపిరిని అడగండి. నేను పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. పదమూడు ఒకట్ల పదమూడు నుంచి పదమూడు పదుల నూట ముప్పై దాకా, మాట తెగకుండా రావాలి. ఏడో మెట్టు దగ్గర గాలి కోసం ఆగితే జోరు ఎక్కువైనట్టే. మీకు ఎక్కాలు ఇష్టం లేకపోతే పక్కన పరుగెత్తేవాళ్ళతో నిన్న వండిన కూర గురించి చెప్పండి. మాట సాగాలి, అంతే.

బెజవాడలో ఇది ఇంకా ముఖ్యం. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయటికొచ్చినా కృష్ణ వైపు నుంచి తేమ ఒంటికి అంటుకుంటుంది, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చర్మానికి రక్తం ఎక్కువ పంపాల్సి వచ్చి గుండె అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది. జనవరిలో 6:45కి సాగే ఎక్కం సెప్టెంబర్‌లో 7:20కి గానీ సాగదు. దాన్ని వెనకబడటం అనుకుని బాధపడొద్దు. ఆ ఉక్కలో ఓపిగ్గా పరుగెత్తిన కిలోమీటర్లకు ఫలం చలికాలంలో కనపడుతుంది. వాకింగ్‌కు వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు మనల్ని దాటి పోతుంటే మనసు ఒప్పుకోదు, అది నిజం. నాకు ఆరు వారాలు పట్టింది.

ఉక్కలోనో ఎండలోనో పరుగెత్తుతుండగా చలి వేసినట్టు రోమాలు నిక్కబొడుచుకున్నా, తల తిరిగినా, అడుగు తడబడినా అక్కడికక్కడే ఆగిపోండి. నీడకు చేరి, ఒంటి మీద నీళ్ళు పోసుకుని, పక్కనున్న మనిషికి చెప్పండి. ఆ రోజు ఇంకో కిలోమీటరు కూడా వద్దు.

వారం ఎలా గడిచింది

సోమవారం, శుక్రవారం విశ్రాంతి. మంగళవారం మెల్లగా 8 కిలోమీటర్లు. బుధవారం జోరు పరుగు, ముందూ వెనకా మెల్లటి పరుగుతో కలిపి 10. గురువారం 7, శనివారం 6, రెండూ మెల్లగానే. ఆదివారం లాంగ్ రన్. మొదట ఆదివారం 12తో మొదలుపెట్టి 20 దాకా తెచ్చాను. వారం మొత్తం 50 దాకా పెరిగింది. మూడు వారాలు పెంచితే నాలుగో వారం కొంచెం తగ్గించేదాన్ని.

డిసెంబర్‌లో వైరల్ జ్వరం వచ్చి ఎనిమిది రోజులు పోయాయి. పోయిన పరుగులు పోయినట్టే వదిలేయండి, తర్వాతి వారంలో కలిపి బాకీ తీర్చాలని చూస్తే పిక్క పట్టేస్తుంది.

బలం కోసం జిమ్‌కు వెళ్ళలేదు. పొద్దున్న కుక్కర్ పెట్టి, వంటింటి గడప మీద ముందరి పాదాలు ఆనించి, ఒక్కో కాలి మీద మడమ పైకెత్తి దించేదాన్ని. మూడు విజిల్స్ వచ్చేలోగా కాలికి పదిహేను చొప్పున మూడు విడతలు అయ్యేవి. సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చున్నట్టు నిలబడటం, ఒంటికాలి మీద కుర్చీలోంచి లేవడం. రోజుకు పది నిమిషాలు. 18వ కిలోమీటరులో పాదం నేలను తన్నే బలం పిక్కలోంచి వస్తుంది, ఈ పది నిమిషాలు మానకండి.

బ్యారేజి మీద బుధవారాలు

ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. నాకు అది దేవుడిచ్చిన ట్రాక్. ఒక కొస నుంచి ఇంకో కొసకు సూటిగా, చదునుగా ఉంటుంది, పొద్దున్న అయిదింటికి వాహనాలు పలచగా ఉంటాయి. ఒక పక్కనే ఉండి, రోడ్డు మీద ఒక చెవి పెట్టి పరుగెత్తాలి. ఇయర్‌ఫోన్లు వద్దు.

ఒక బుధవారం ఈ కొస నుంచి ఆ కొసకు 6:30లో, అంటే కిలోమీటరుకు 5:19 చొప్పున వెళ్ళి, రెండున్నర నిమిషాలు నడిచి, మళ్ళీ వెనక్కి. మొదట మూడుసార్లు, నెల తిరిగేసరికి అయిదుసార్లు. అయిదోసారి కూడా 6:30 రావాలి. మొదటిది 6:05లో కొట్టి ఆఖరుది 6:50కి ఈడ్చుకొస్తే ఆ రోజు సాధన తప్పినట్టే లెక్క. ఎందుకంటే అది సరిగ్గా నా మొదటి హాఫ్ మారథాన్ లో నేను చేసిన తప్పే.

ఇంకో బుధవారం టెంపో. గంటసేపు ఒళ్ళు దాచుకోకుండా పరుగెత్తితే ఎంత వేగం నిలబడుతుందో ఆ వేగాన 20 నిమిషాలు, వారాలు గడిచేకొద్దీ 30 నిమిషాలు. నాకు అది 5:27 దగ్గర. రెండు మూడు మాటలు అనగలం, వాక్యం పూర్తి చేయలేం, అదే గుర్తు.

ఆ బ్యారేజి మీద నాకొక అలవాటైంది. ఊపిరి బరువెక్కాక దూరం చూడకుండా గేట్లు లెక్కపెట్టడం. పది గేట్లు అంటే దాదాపు 175 మీటర్లు. ఆ పది అయ్యాక ఇంకో పది. 35 దాటితే సగం అయినట్టు. ఈ లెక్క తర్వాత చాలా పనికొచ్చింది.

ఆదివారం: అలసిన కాళ్ళతో

చిల్లు నిజంగా పూడింది ఆదివారాల్లో. లాంగ్ రన్ మొత్తం మెల్లగా చేయడం అందరూ చెప్పేదే. ఆరో వారం నుంచి రెండు ఆదివారాలకు ఒకసారి నేను దాని చివరి భాగాన్ని మార్చాను. 18 కిలోమీటర్లలో మొదటి 12 మెల్లగా, చివరి 6 నేను రేసులో అనుకున్న వేగంతో, అంటే 5:40కి. మొదట చివరి 3, తర్వాత 4, తర్వాత 6. ఈ రేసు వేగం అప్పటికే అలసిన కాళ్ళతో రావాలి.

పటమట నుంచి నాలుగున్నరకు బయలుదేరి, బెంజి సర్కిల్ మీదుగా బందరు రోడ్డు పట్టుకుని, బ్యారేజి దాటి సీతానగరం, అక్కడి నుంచి ఉండవల్లి వైపు కరకట్ట. అక్కడిదాకా మెల్లగా, ఎక్కం చెప్పుకుంటూ. తిరిగి బ్యారేజి దాటి బందరు రోడ్డు మీద పడ్డాక వేగం. అప్పటికి తెల్లవారుతూ ఉంటుంది, బస్సులు మొదలవుతాయి, కాళ్ళు మొరాయిస్తాయి. రేసులో 16వ కిలోమీటరు ఎలా ఉంటుందో ఆ రోడ్డు నాకు ముందే చూపించింది.

చీకట్లో ఒంటరిగా వద్దు. మావారు స్కూటర్ మీద బ్యారేజి దాకా వెనకే వచ్చి, టీ తాగి, నేను తిరిగొచ్చేసరికి నీళ్ళ సీసాతో నిలబడేవారు. మనిషి దొరక్కపోతే నలుగురు పరుగెత్తే చోటికి వెళ్ళండి. వాహనాలకు ఎదురుగా ఉండే పక్కన పరుగెత్తండి, మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి వైపు తిరిగి, మెల్లగా నడుస్తూ దూరం జరగండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకోవాలి.

రక్తం, నీళ్ళు, తిండి

ఆడవాళ్ళకు ముందుగా ఒక మాట. సాధన మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) చూపించుకోండి. నాది 11.1 వచ్చింది. మనకు 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే కాబట్టి అది తగ్గితే ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు. డాక్టర్ గారు రాసిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడాను. కాఫీ, టీలకు దూరంగా, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. నా టైంలో దీని వాటా ఎంతో విడదీసి చెప్పలేను కానీ, వాటా ఉంది.

నీళ్ళు ఎంత తాగాలో ఇంట్లో బరువు చూసే మిషన్ చెబుతుంది. గంటసేపు ఏమీ తాగకుండా పరుగెత్తి, ముందూ తర్వాతా చెమట తుడుచుకుని బరువు చూడండి. తగ్గిన ప్రతి కిలోకు దాదాపు లీటరు చెమట. సెప్టెంబర్‌లో నాకు గంటకు 900 గ్రాములు తగ్గింది, జనవరిలో 600. అంతా తాగి నింపాల్సిన పనిలేదు. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం వస్తుంది. లాంగ్ రన్ రోజు ఇంటికొచ్చాక ఓఆర్‌ఎస్ తాగుతాను. పాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలపాలి.

మొదటి రేసులో 14 దగ్గర నీళ్ళ బల్ల ఖాళీగా ఉంది. ఆ ఎండలో తర్వాతి రెండున్నర కిలోమీటర్లు గొంతు తడి లేకుండా వెళ్ళాను. ఆ 34:20లో దాని వాటా కూడా ఉంది. అప్పటి నుంచి చేతిలో పట్టే చిన్న సీసా లేకుండా రేసుకు వెళ్ళను.

జెల్స్ (పరుగులో శక్తి కోసం పాకెట్ చింపి మింగే తియ్యటి పాకం) విషయం: మొదట ఖర్జూరాలతో ప్రయత్నించాను, ఇంట్లో ఉండేవి కదా అని. రేసు వేగంలో నమలడం కుదరలేదు. చివరికి జెల్ కే వచ్చాను. ఒకటి 7 దగ్గర, ఒకటి 14 దగ్గర, రెండుసార్లూ నీళ్ళతో. 14 దగ్గరది 15 తర్వాత వచ్చే కష్టానికి ముందుగా వేసుకునే ఇంధనం, అలసట వచ్చాక తీసుకుంటే ఆలస్యం. ఏది తీసుకున్నా కనీసం నాలుగు ఆదివారాలు కడుపుకు అలవాటు చేయండి.

బూట్లు కొత్తవైతే రేసుకు ముందు 80 కిలోమీటర్లయినా తొడగండి. కార్బన్ ప్లేట్ బూట్లు, అంటే వేగం కోసం అడుగున కార్బన్ పలక పెట్టినవి, నేను కొనలేదు. ఆ డబ్బు ఉంటే కొనుక్కోండి, కానీ 15 దాటాక నిలబడని కాళ్ళకు అవి సమాధానం కావు. రాపిడి పడే చోట్ల వాజెలిన్ మరిచిపోవద్దు.

సంక్రాంతి, తర్వాత

ఆఖరి పెద్ద పరుగు, 20 కిలోమీటర్లు, రేసుకు మూడు వారాల ముందు. అది భోగి ముందు రోజు పడింది. దివిసీమలో మా అత్తగారి ఊళ్ళో, కాలవ గట్టు మీద, మంచులో పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అత్తయ్య అరిసెలు వత్తుతున్నారు. పండక్కి తినాల్సినవి తినండి. మూడు వారాల ముందు తిన్న అరిసె రేసును చెడగొట్టదు, పండగ పూట మొహం మాడ్చుకుని కూర్చుంటే ఇంట్లో వాళ్ళు మీ పరుగును ప్రేమించరు.

చివరి రెండు వారాలు దూరం తగ్గించాలి. నేను 50 నుంచి 35కి, తర్వాత రేసు కాకుండా 18కి తెచ్చాను. వేగం మాత్రం పూర్తిగా మానలేదు, బుధవారం రేసు వేగంతో 3 కిలోమీటర్లు చేశాను. ఈ రోజుల్లో కాళ్ళు బరువుగా, ఎక్కడో నొప్పిగా అనిపిస్తాయి, టెన్షన్ పెరుగుతుంది. ఇంకో లాంగ్ రన్ చేస్తే ధైర్యం వస్తుందనిపిస్తుంది. చేయకండి. ఆ రెండు వారాల్లో ఓపిక పెరగదు, అలసట మాత్రం మిగులుతుంది.

రెండు రోజుల ముందు నుంచి అన్నం పెంచి, కూర తగ్గించాను. ముందు రోజు గోంగూర, ఆవకాయ, వేపుళ్ళు, ఆకుకూరలు లేవు. రాత్రి ఏడింటికి పల్చటి చారన్నం, పెరుగన్నం. రేసు పొద్దున్న రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, చట్నీ లేకుండా తేనెతో. ముప్పావు గంట ముందు కాఫీ.

రేసు రోజు

రెండు గంటల్లో పూర్తి చేయాలంటే కిలోమీటరుకు 5:41 కావాలి. కానీ వాచీలో 5:41 చూసుకుంటూ వెళ్తే రెండు గంటలు దాటిపోతుంది. రేసు దారిని కొలిచేది మలుపుల లోపలి అంచున, అతి దగ్గరి దారిలో. మనం జనాన్ని తప్పించుకుంటూ, మలుపులు వెడల్పుగా తిరుగుతూ వెళ్తాం. వాచీ 21.3 చూపిస్తుంది. 21.3తో భాగిస్తే వాచీలో 5:38 ఉండాలి. ఇంకో పని చేయండి: వాచీలో ఆటో లాప్ (ప్రతి కిలోమీటరుకూ వాచీ తనంతట తనే టైం గుర్తించడం) తీసేసి, రోడ్డు పక్కన కిలోమీటరు బోర్డు దగ్గర మీరే నొక్కండి. నా లెక్కలన్నీ బోర్డుల లెక్కలే. ముందు మలుపు ఎటు తిరుగుతుందో చూసి, రేసుకు కేటాయించిన రోడ్డు లోపలే, ఆ అంచుకు ముందుగానే సూటిగా వెళ్ళండి.

మొదటి రేసులో మొదటి 3 కిలోమీటర్లు 5:25తో వెళ్ళాను. డప్పులు, పాటలు, చుట్టూ వందల మంది, కాళ్ళు తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆ తేలిక నిజం కాదు, రెండు వారాల విశ్రాంతి వల్ల వచ్చిన పొంగు. ఈసారి మొదటి కిలోమీటరు 5:47. నన్ను దాటి వెళ్ళినవాళ్ళను వెళ్ళనిచ్చాను. 5 దగ్గర 28:30. పెదవుల మీద ఎక్కం ఇంకా సగం సగం వస్తోంది, అలాగే ఉండాలి. తర్వాతి 5: 28:15. జెల్ 7 దగ్గర, అనుకున్నట్టే. మూడో 5: 28:10.

14 దగ్గర రెండో జెల్. 16 బోర్డు వచ్చింది. ఊపిరి బరువెక్కింది, తొడలు గట్టిపడ్డాయి. మొదటి రేసులో నడక మొదలైంది ఇక్కడే. మిగిలిన 5 కిలోమీటర్లను తలచుకోకుండా, బ్యారేజి మీదలాగా గేట్లు లెక్కపెట్టాను. రోడ్డు పక్క కరెంటు స్తంభాలే గేట్లు. పది, మళ్ళీ పది. మీరు కూడా ఏదో ఒక లెక్క సాధనలోనే అలవాటు చేసుకుని ఉండాలి, ఆ క్షణంలో కొత్తది దొరకదు. భుజాలు దించి, పిడికిలి వదులు చేసి, అడుగు చిన్నది చేసి చేతులు కొంచెం వేగంగా ఆడించండి. కాళ్ళు చేతుల్ని అనుసరిస్తాయి. ముందు వెళ్తున్న ఒక మనిషి వీపు మీద చూపు పెట్టి మెల్లగా దగ్గరవ్వండి, దాటాక ఇంకొకరు. ఆ 5 కిలోమీటర్లలో నన్ను దాటినవాళ్ళు ఇద్దరే, నేను దాటినవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను.

15 నుంచి 20 దాకా నాకు పట్టింది 28:02. మొదటి రేసులో అదే దూరానికి 34:20.

20 బోర్డు దాటాక దాచుకునేది ఏమీ లేదు. మిగిలిన 1.0975 కిలోమీటర్లు 5:55లో వెళ్ళాను. గీత దాటి వాచీ నొక్కితే 1:58:52. చిప్ టైంలో, అంటే మన నంబరుకు అంటించిన చిప్ మొదటి గీత నుంచి చివరి గీత దాకా కొలిచిన టైంలో కూడా, సెకను తేడా లేకుండా అదే వచ్చింది. లెక్కలోకి తీసుకోవాల్సింది చిప్ టైమే. రేసు మొదలైన క్షణం నుంచి అందరికీ ఒకేలా లెక్కపెట్టే గన్ టైంలో మీరు వెనక వరసల్లో నిలబడిన నిమిషాలు కూడా కలుస్తాయి.

గీత దాటగానే కూర్చోవద్దు, పది నిమిషాలు నడవండి. అరగంటలోగా ఏదైనా తినండి. అంకెలు మాత్రం ఆ రోజే కాగితం మీద రాయండి. ఏ కిలోమీటరులో ఎండ, ఏ మలుపులో కష్టం, జెల్ పడిందా లేదా అన్నీ. రెండు రోజులైతే గుర్తుండదు. నేను వారం పాటు పరుగెత్తలేదు, సాయంత్రాలు మావారితో నడిచాను. ఎనిమిదో రోజు తెల్లవారుజామున వాచీ ఇంట్లోనే పెట్టి, మెల్లగా బ్యారేజి దాకా వెళ్ళొచ్చాను. రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలో ఇప్పుడు రెండు నిలువు వరసలున్నాయి. మూడో వరసకు గీత గీసి ఉంచాను, పైన 1:55 అని రాసి.